భువనగిరి, మొలంగూరు, రామగిరి: దిగే దారిని బట్టి గుట్టను ఎంచుకోండి

వరంగల్, హన్మకొండల నుంచి పొద్దున బయల్దేరి, ఒళ్లు అలిసేలా ఒక గుట్ట ఎక్కి, చీకటి పడేలోపు ఇల్లు చేరాలనుకునేవాళ్లకు ముందుగా తట్టే పేర్లు మూడు: భువనగిరి ఖిల్లా, మొలంగూరు ఖిల్లా, రామగిరి ఖిల్లా. మూడింట్లో ఏది మేలని అడిగేవాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది ఎత్తు గురించే. మన బండ గుట్టలకు ఆ ప్రశ్న పెద్దగా పనికిరాదు. ఏ వేళకు దిగుతాం, ఏ వైపు నుంచి దిగుతాం, అప్పటికి బాటిల్లో నీళ్లెన్ని మిగులుతాయి, వెంట వచ్చినవాళ్ల మోకాళ్లు ఎలా ఉంటాయి? ఇవీ అడగాల్సినవి. ఎక్కేటప్పుడు వచ్చే ఆయాసం నిలబడితే తగ్గిపోతుంది. కాళ్లు మడతపడేదీ, జారి మోచేతులు చీరుకునేదీ ఎక్కువగా దిగేటప్పుడే.

ఎత్తు ఎందుకు మోసం చేస్తుందో చిన్న లెక్క చూడండి. కొండ నడకకు పాత కొలత ఒకటుంది, 1892లో నెయిస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన చెప్పింది: 5 కిలోమీటర్లకు గంట, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. భువనగిరి బండ సుమారు 500 అడుగులు, అంటే 150 మీటర్లు. దారి కిలోమీటరు అనుకున్నా ఈ లెక్కన అరగంటలోపే పైకి చేరాలి. నలుగురైదుగురు మామూలు మనుషులు కలిసి వెళ్తే గంట పైనే పడుతుంది. ఆ కొలత మట్టి బాటకు, చల్లటి దేశానికి సరిపోయింది. వాలు బండ, గుండ్ల మధ్య సందులు, నెత్తిన ఎండ ఉన్నచోట వచ్చిన లెక్కను రెండింతలు చేసుకోవాలి. దిగడానికి సగం సమయం చాలన్న ధీమా అసలొద్దు. గుండ్ల మీద దిగడానికీ ఎక్కినంతసేపూ పడుతుంది.

ముందే తేల్చి చెప్పాలంటే: మొదటిసారి వెళ్లేవాళ్లు, పిల్లలతోనో యాభై దాటినవాళ్లతోనో వెళ్లేవాళ్లు భువనగిరికి వెళ్లండి. చేతులు కూడా వాడి ఎక్కాలన్న ఉత్సాహం, దారి వెతుక్కునే ఓపిక ఉంటే మొలంగూరు. రోజంతా కాళ్లకు పని కావాలి, బండ కన్నా అడవి ఇష్టం అంటే రామగిరి. ఇక వివరాల్లోకి వెళ్దాం.

భువనగిరి

పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల ఆరో విక్రమాదిత్యుడి పేరు మీద వెలిసిన కోట. దీని కింద ఉన్నది ఒకే గ్రానైట్ బండ. వరంగల్ నుంచి చేరుకోవడం తేలిక: కాజీపేట–సికింద్రాబాద్ లైన్లో భువనగిరి స్టేషన్ ఉంది, హైదరాబాద్ హైవే మీద బస్సులకు కొదవలేదు. గుట్ట ఊళ్లోనే ఉంది కాబట్టి ఎవరికైనా బాగాలేకపోతే ఆటో దొరుకుతుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు దీన్ని చెప్పడానికి అసలు కారణం ఇదే. మెట్లున్నాయన్నది తర్వాతి మాట.

లోపం ఒకటుంది, అదీ చిన్నది కాదు. టికెట్ పెట్టిన కోట కాబట్టి తెల్లవారుజామున గేటు తీయరు. గేటు తీసేసరికే ఎండ పడుతుంది, పైనేమో నీడ లేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇది సమస్య కాదు. మార్చి రెండో వారం దాటాక మాత్రం ఇదొక్కటే భువనగిరిని వద్దనడానికి సరిపోతుంది. అప్పుడిక సాయంత్రం ఎక్కుదామనుకుంటారు కొందరు. అదీ లాభం లేదు. పగలంతా కాగిన బండ సాయంత్రమూ సెగ కక్కుతూనే ఉంటుంది, మూసే వేళ తరుముతుంది, తొందరలో దిగుతారు. బయల్దేరే ముందు రోజే గేటు వేళలు కనుక్కోండి, ఆదివారం తప్పించండి.

మెట్ల దాకా ఎవరైనా వెళ్తారు. మెట్లు ఆగిపోయి వట్టి బండ మొదలయ్యే పై భాగంలోనే మనిషి తేలేది. బండను చూసి అక్కడే వెనక్కి తిరిగేవాళ్లను నవ్వకండి, వాళ్లకు లెక్క తెలుసు. పైన వాన నీళ్లు నిలిచే గుంటలున్నాయి, తాగడానికి పనికిరావు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తొలి శిక్షణ ఈ బండల మీదే. పూర్ణది నిజామాబాద్ జిల్లా పాకాల, అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. కాకపోతే వాళ్లు తాళ్లతో, నేర్పేవాళ్లతో ఎక్కిన బండలు వేరు, మనం నడిచే దారి వేరు. ఆ ఊపులో మెట్లు వదిలి పక్క బండ మీదికి పాకొద్దు.

మొలంగూరు

వరంగల్–కరీంనగర్ రోడ్డులో హుజూరాబాద్ దాటాక, శంకరపట్నం మండలంలో ఉంటుంది. కరీంనగర్ నుంచి సుమారు 30 కిలోమీటర్లు. ప్రతాపరుద్రుడి కొలువులోని వొరగిరి మొగ్గరాజు కట్టించాడని చెప్తారు. ఓరుగల్లు నుంచి ఎలగందుల వెళ్లే దారిలో మజిలీ ఇది. గుట్ట కింద దూద్‌బావి ఉంది, ఆ నీళ్లు నిజాంకు వెళ్లేవని ఊళ్లో చెప్పుకుంటారు.

ఎత్తు విని తక్కువగా అంచనా వేసే గుట్ట ఇదే. ఇక్కడ బండ ఒకటి కాదు. గుండు మీద గుండు, మధ్యలో సందులు, సందుల్లో ముళ్ల పొదలు. బాట కొంతదూరం కనపడుతుంది, తర్వాత మాయమవుతుంది. ఎక్కేటప్పుడు దారి తప్పినా ఫరవాలేదు, పైకి ఏ సందులోంచి పోయినా పైకే. దిగేటప్పుడు పై నుంచి చూస్తే నాలుగైదు సందులు ఒకేలా కనపడతాయి. అందులో మూడు, నిలువు గోడలాంటి బండ దగ్గర ఆగిపోతాయి. అప్పటికే దుమికి దిగి ఉంటే, దుమికిన చోట మళ్లీ ఎక్కలేక చిక్కుకుంటారు. అందుకే ఒక్క నియమం: తిరిగి ఎక్కలేనిచోట దుమకొద్దు.

దారి గుర్తుకు మంచి పద్ధతి: ప్రతి పది నిమిషాలకు ఆగి వెనక్కి తిరిగి చూడండి, ఫోన్‌తో వెనకవైపు ఫొటో తీయండి. దిగేటప్పుడు కనపడబోయేది అదే. ముందువైపు తీసిన ఫొటోలు ఫేస్‌బుక్‌కు పనికొస్తాయి, దారికి కాదు. కోట గోడలు, దర్వాజాలు మంచి గుర్తులు, పాతకాలపు దారి వాటిలోంచే పోతుంది. జనం కాళ్లకు అరిగి నున్నబడిన రాయి కూడా దారి చెప్తుంది. ఊళ్లో మేకలు కాసేవాళ్లు దొరికితే కూలి మాట్లాడుకుని ఒకర్ని వెంట తీసుకెళ్లండి, ఇక్కడ అంతకన్నా మంచి ఖర్చు లేదు.

గుండ్ల సందు దాటేటప్పుడు బ్యాగు ముందుగా అవతలి మనిషికి అందించాలి. బ్యాగు వీపు మీదే ఉంటే సందులో ఇరుక్కుని, విడిపించుకునే కుదుపుకు కాలు జారుతుంది. అడుగు వేయబోయే గుండును ముందు కాలి మడమతో ఒకసారి తన్ని చూడండి. కదిలితే వదిలేయండి. ఒకరి కింద ఒకరు నిలువుగా ఉండకూడదు, పక్కకు జరిగి ఎక్కాలి. నలుగురి నుంచి ఆరుగురి దాకా మంచి సంఖ్య. పది మంది అయితే వెనకాలవాళ్లు ఎక్కడున్నారో ముందువాళ్లకు తెలియదు.

బండ సందుల్లో మొలిచే జెముడును పట్టుకుని ఎక్కడం చాలామంది చేసే పొరపాటు. దాని పాలు చేతికి అంటుతాయి, అదే చేత్తో చెమట తుడుచుకుంటే కళ్లలో పడతాయి. మంట భరించలేరు, చూపు మసకబారుతుంది. వెంటనే మంచినీళ్లతో పావుగంటైనా కడగాలి, దిగాక డాక్టర్‌కు చూపించాలి.

రామగిరి

పెద్దపల్లి జిల్లాలో, పెద్దపల్లి నుంచి మంథని వెళ్లే వైపు, బేగంపేట గ్రామం దగ్గర. పెద్దపల్లికి కాజీపేట నుంచి రైలుంది, అక్కడి నుంచి బస్సో ఆటోనో. మూడింట్లో ఇదే దూరం, ఇదే పొడుగు. అడవి పట్టిన గుట్టల వరస ఇది, ఒకే బండ కాదు. మందు మొక్కల కోసం కాలేజీ పిల్లలు వచ్చే చోటు. నీడ ఉంటుంది కాబట్టి ఎండ బాధ తక్కువ. అయితే దారి ఎక్కువ, నీళ్ల బరువు ఎక్కువ, దిగే సమయం సాయంత్రానికి దగ్గర పడుతుంది.

శ్రావణంలో భక్తులు తండోపతండాలుగా ఎక్కుతారు. ఏకాంతం కావాలంటే ఆ నెల వద్దు. కానీ అడవి దారి తెలియనివాళ్లకు ఆ నెలే మంచిదని మా అభిప్రాయం: బాట తొక్కి తొక్కి స్పష్టంగా ఉంటుంది, పడితే లేపేవాళ్లుంటారు. వానకు బండలు పాకుడు పట్టి ఉంటాయి, అదొక్కటే జాగ్రత్త. మిగతా నెలల్లో వెళ్తే బేగంపేటలో ఒక మనిషిని తోడు తీసుకోండి. ఎక్కడున్నా సరే, మధ్యాహ్నం ఒంటిగంటకు వెనక్కి తిరగాలని ముందే అనుకోండి. డిసెంబరులో ఆరు కాకముందే పొద్దుగూకుతుంది, చెట్ల కింద అరగంట ముందే చీకటి పడుతుంది.

ఉత్తర తెలంగాణ గుట్టల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి. అవి తిరిగేది తెల్లవారుజామున, సాయంత్రం. సీతాఫలాలు పండే కాలంలో, మార్చి–ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలే కాలంలో మరీ జాగ్రత్త. గుట్టుగా నడిచి హఠాత్తుగా ఎదురుపడటమే ప్రమాదం, అందుకే మాట్లాడుకుంటూ నడవండి. గుహల్లోకి, చీకటి సందుల్లోకి తొంగిచూడొద్దు. పెద్ద తేనెటీగల విషయం దీనికి సరిగ్గా వ్యతిరేకం: బండ కప్పుకు వేలాడే తేనెపట్టు కనపడితే మాటలు ఆపి, పొగ రాకుండా, సెంటు వాసన లేకుండా దూరంగా పోవాలి. లేస్తే నిలబడి చేతులు ఊపొద్దు, ముఖం బట్టతో కప్పుకుని ఆగకుండా దూరం పోవాలి.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. మానేరు ఒడ్డున ఎలగందుల కోట చూడటానికి బాగుంటుంది, 1754 నాటి దో మినార్ ఉంది, కష్టపడి ఎక్కే లెక్కలోకి రాదు. పెద్దవాళ్లను తీసుకెళ్లడానికి మంచిది. రేగొండ మండలంలోని పాండవుల గుట్టలు అందంలో అన్నిటికన్నా ముందుంటాయి, కానీ అక్కడిది ఇసుకరాయి. గ్రానైట్ మీద పట్టుకున్న అంచును నమ్మినట్టు ఇసుకరాయి అంచును నమ్మకూడదు. వానకు తడిస్తే అది మెత్తబడి విరుగుతుంది. పాతకాలపు బొమ్మలున్న గోడలను చేత్తో తాకనే కూడదు.

బండను చదవడం

ఏ గుట్టకైనా పనికొచ్చేది ఇదే. ఎండిన గ్రానైట్ గరుకుగా ఉండి కాలిని బాగా పట్టుకుంటుంది. జారేది బండ కాదు, బండ మీద ఉన్నది. మూడు చూడాలి.

మొదటిది, పై నుంచి కిందికి దిగే నల్లటి చారలు. వాన నీళ్లు పారే దారులవి, నాచు పట్టి ఎండితే నల్లబడతాయి. ఎండినప్పుడు ఏమీ కాదు. కొంచెం తడి తగిలితే చాలు, సబ్బు రాసినట్టే. డిసెంబరు, జనవరి పొద్దున మంచుకు ముందు తడిసేదీ, చివర ఆరేదీ అవే. అందుకే చలికాలంలో మరీ ఐదింటికే బండ మీద ఉండటం తెలివి కాదు. పొద్దెక్కి తడి ఆరాకే వాలు మీదికి వెళ్లండి. ఎప్పుడైనా లేత బూడిద రంగు, గులాబీ రంగు బండ మీదే అడుగు వేయండి.

రెండోది గరుసు. గ్రానైట్ అరిగి రాలిన ముతక ఇసుక వాలు మీద పలచగా పరుచుకుని ఉంటుంది. కాలి కింద గింజలు దొర్లుతాయి. అక్కడ అడుగు పెట్టక తప్పకపోతే బూటుతో పక్కకు ఊడ్చి, శుభ్రమైన రాయి మీద పాదం ఆనించాలి.

మూడోది పొరలు. గ్రానైట్ ఉల్లిపాయలా పొరలు పొరలుగా విడుతుంది. అంచు ఎత్తుగా కనపడ్డ పలక మీద పిడికిలితో తట్టండి. గట్టి రాయి మోగదు. డొల్లగా మోగితే ఆ పలక విడిపోయి ఉంది, దాని అంచు పట్టుకుని వేలాడొద్దు.

వాలు ఎంతుందో ఫోన్‌లోని లెవెల్ యాప్ చెప్తుంది, ఫోన్‌ను బండ మీద ఆనించి చూడండి. 20 డిగ్రీల లోపైతే ఎండిన బండ మీద మామూలు నడకే. 30 దాటితే దిగేటప్పుడు చేతులు ఆనించాల్సి వస్తుంది. 40కి చేరితే అది తాడు తెలిసినవాళ్ల పని. ఎక్కేటప్పుడే కొలిచి, ఇక్కడ దిగగలమా అని అనుకున్నాకే పైకి పోండి.

దిగే పద్ధతి: మోకాళ్లు కొద్దిగా వంచి, చిన్న అడుగులతో, అరికాలు మొత్తం బండకు ఆనేలా. భయపడినవాళ్లు వెనక్కి వాలి మడమల మీద నడుస్తారు. అప్పుడు ఆనేది మడమ అంచు ఒక్కటే, కాలు ముందుకు జారుతుంది. బరువు పాదాల మీద పడేలా కాస్త ముందుకే ఉండాలి. బాగా వాలుగా ఉంటే బండ వైపు తిరిగి, నిచ్చెన దిగినట్టు వెనక్కి దిగండి.

ఎండ సంగతి కూడా బండతోనే ముడిపడి ఉంది. ఫోన్ మ్యాప్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి దారి గుట్టకు ఏ వైపు ఉందో చూడండి. పడమటి వైపు దారి పొద్దున నీడలో ఉంటుంది, మధ్యాహ్నం తర్వాత కాలిపోతుంది. తూర్పు వైపు దారి దీనికి తిరగేత. పడమటి దారైతే 11కల్లా కింద ఉండేలా బయల్దేరాలి. ఏప్రిల్, మే నెలల్లో రామగుండం వైపు 45 డిగ్రీలు చూసే రోజులుంటాయి. ఆ రెండు నెలలూ ఈ పని మానేయడమే మా సలహా. ఆ నెలల్లోనే మధ్యాహ్నం ఉరుముల వానలు కూడా వస్తాయి, బోడి బండ శిఖరం మీద పిడుగుకు ఎత్తయిన వస్తువు మీరే. ఉరుము వినపడితే ఫొటో సంగతి వదిలేసి దిగండి.

ఏం మోసుకెళ్లాలి, ఏం వద్దు

నీళ్లు: చలికాలంలో గంటకు అర లీటరు, ఎండ ఉన్నప్పుడు లీటరు. భువనగిరికి మనిషికి 2 లీటర్లు, మొలంగూరుకు 3, రామగిరికి 4. సగం అయిపోగానే, ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్‌ను లీటరు నీళ్లలో మొత్తంగా కలపాలి. చిన్న బాటిల్లో చిక్కగా కలిపితే మేలు కన్నా కీడు ఎక్కువ. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు తలగొట్టిన 6 చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు.

తిండికి సర్వపిండి మించింది లేదు: పొద్దున చేసింది సాయంత్రం దాకా పాడవదు, చేత్తో తుంచుకు తినొచ్చు, పల్లీల బలం ఉంటుంది. పులిహోర సరే. పెరుగన్నం ఎండకు పులుస్తుంది. సకినాలు తింటే నీళ్లు ఎక్కువ తాగుతారు. పాలిథిన్ సంచి చేతిలో కనపడిందంటే కోతులు వదలవు, తిండి బ్యాగు లోపలే ఉండాలి.

బూట్ల దగ్గర డబ్బు వృథా చేసేవాళ్లు చాలామంది. లోతైన గట్టి పళ్లున్న ఖరీదైన ట్రెక్కింగ్ బూట్లు మట్టికి మంచివి. వాలు బండ మీద వాటి పళ్ల కొనలు మాత్రమే ఆనుతాయి. భువనగిరికి, మొలంగూరుకు మెత్తటి రబ్బరు అడుగున్న స్పోర్ట్స్ షూ మేలు. అడుగును బొటనవేలితో నొక్కితే కొంచెం దిగాలి. అరిగి నున్నబడినవీ వద్దు, కొత్తగా ఆ రోజే వేసుకున్నవీ వద్దు. రామగిరి మట్టి దారికి మాత్రం పళ్లున్న బూట్లే. కాలి గోళ్లు రెండు రోజుల ముందు కత్తిరించుకోండి. దిగేముందు లేసులు విప్పి, చీలమండ దగ్గర బిగించి కట్టండి, లేకపోతే వేళ్లు ముందుకు గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి. చేతికర్ర రామగిరికి పనికొస్తుంది, గుండ్ల మీద అడ్డం.

నాలుగంగుళాల క్రేప్ బ్యాండేజీ, టార్చి, విజిల్ తప్పనిసరి. ఒళ్లు నొప్పులకని ముందుగానే నొప్పి మాత్రలు వేసుకోవద్దు, నీళ్లు తగ్గిన ఒంట్లో అవి కిడ్నీల మీద పడతాయి.

మూడు వారాల ముందు

అలవాటు లేనివాళ్లకు సాధన అవసరం. 500 అడుగులంటే మూడంతస్తుల బిల్డింగు, అంతస్తుకు పదడుగుల లెక్కన, 17 సార్లు ఎక్కి దిగినంత. మొదటి వారం 6 సార్లతో మొదలుపెట్టి, రోజు విడిచి రోజు పెంచుకుంటూ పోండి. మూడో వారం బ్యాగులో నీళ్ల బాటిళ్లు పెట్టుకుని 17 పూర్తి చేయండి. లిఫ్టులో దిగి మెట్లు ఎక్కేవాళ్లుంటారు, అది సగం సాధనే. తొడలు పట్టేసేది దిగడం వల్ల కాబట్టి మెట్లు దిగడమే ముఖ్యం. వెళ్లే రోజుకు మూడు రోజుల ముందు ఆపేయండి. బండ అలవాటుకు హన్మకొండ పద్మాక్షి గుట్ట ఊళ్లోనే ఉంది, పొద్దున గంట చాలు.

వెనక్కి తిరగాల్సిన గుర్తులు

తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, మాట తడబడటం కనపడితే అది ఎండదెబ్బ మొదలు. ముఖ్యంగా తడబాటు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసరండి, 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగ్గా లేని మనిషికి నోట్లో నీళ్లు పోయొద్దు. పాము కరిస్తే గట్టిగా కట్టు కట్టడం, కోయడం, పీల్చడం మూడూ వద్దు. కాలు కదలకుండా ఉంచి, నడిపించకుండా మోసుకు దించి ఆసుపత్రికి చేర్చాలి.

బయల్దేరే ముందు ఇంట్లో ఒకరికి నాలుగు సంగతులు మెసేజ్ పెట్టండి: ఏ గుట్ట, ఏ వైపు దారి, ఎంతమంది, ఎన్నింటికల్లా కింద ఉంటాం. ఆ వేళ దాటి గంటైనా ఫోన్ రాకపోతే 112కి చేయమని కూడా రాయండి. గుట్ట వెనకవైపు సిగ్నల్ ఉండకపోవచ్చు కాబట్టి దిగి రోడ్డెక్కగానే, టీ తాగక ముందే, ఆ ఫోన్ చేసేయండి.